ఎడమచేతి ఓనమాలు

అమ్మలూ,

ఇవాళ మీ చెల్లికి అక్షరాభ్యాసం చేశాం. నీకు చెప్పాలనిపించింది.

మీరిద్దరూ కవలలు. ఆకివీడులో అమ్మమ్మగారింట్లో పురుడు వచ్చింది. పుట్టేటప్పటికే నీలో ప్రాణం లేదు. చెల్లి ఏడ్చింది గానీ, దాని కుడిచెయ్యి మోచేతి దాకా నల్లగా, చల్లగా ఉంది. మర్నాడు మూర్ఛలు వచ్చాయి. ఏలూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. చేతికీ, మెదడులో ఒక పక్కకీ రక్తం అందలేదని డాక్టరుగారు చెప్పారు. ప్రాణం దక్కాలని ఆ చెయ్యి తీసేశారు. బతికింది. కుడికాలు కాస్త ఈడుస్తుంది, మాటలు ఆలస్యంగా వచ్చాయి. అయినా ఇక్కడ తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు కూత వినబడగానే నాన్నగారికి ఎదురు వెళుతుంది.

పొద్దున బియ్యప్పళ్ళెం ముందు కూర్చోబెట్టగానే మీ నాయనమ్మగారు అడ్డుపడ్డారు.

"ఎడంచేత్తో ఓనమాలేవిటండీ పంతులుగారూ? అపచారం కదూ?"

"దేవుడు ఉంచింది ఆ చెయ్యేనండీ. రాయనివ్వండి" అన్నారాయన.

నాన్నగారు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఓ" దిద్దించారు. అది సంబరంగా తలెత్తి, "నాన్నా, అక్క పేరు కూడా రాద్దాం" అంది.

నీ గురించి నేనే చెప్పాను గానీ, నీకు పేరు పెట్టలేదని దానికి తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నీ ఊసెత్తని మీ నాన్నగారు, దాని చెయ్యి మళ్ళీ పట్టుకుని, బియ్యంలో మెల్లగా "కమల" అని రాయించారు.

సాయంత్రమైంది. ఆ పళ్ళెం ఇంకా ఎవరమూ కదపలేదు, కమలా.

అమ్మ