ఒకే బరువులో అక్కాచెల్లెళ్లు

చెల్లి ఉన్‌సోల్‌కు అక్క మ్యోంగ్‌జూ దీవెనలు. ఇక్కడ అమ్మా, నేనూ, అంగడి ముందు పడుకునే కుక్కా క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఎడమ మోకాలూ కులాసా అనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. బ్యానర్ ఇంకా ఉందా అని అడిగావు. ఉండకేం! "తక్ వారి రెండో కూతురు, ఆసియా జూడో విజేత" అని ఊరి మొదట్లో రెపరెపలాడుతూనే ఉంది. మొన్న గాలికి ఒక కొస ఊడితే గ్రామపెద్ద నన్నే నిచ్చెన ఎక్కించాడు. "గట్టిగా లాగి కట్టమ్మా, చెల్లెలి పేరు ముడతలు పడుతోంది!" అని కింద నుంచి ఒకటే కేకలు. కట్టాను. ఒళ్లు మండిపోయింది. రెండో కూతురంటే మొదటిది ఒకతి ఉండే ఉంటుందని ఎవరికీ తట్టదు కాబోలు.

నూడుల్స్ అంగడికి గిరాకీ బాగుంది. వచ్చినవాళ్లంతా గోడ మీద నీ ఫోటో కిందే కూర్చుంటామంటారు. నిన్న ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వా ఆ అమ్మాయి అక్కవి? పోలికే లేదే!" అన్నాడు.

"దానికి జూడో నేర్పింది నేనే," అన్నాను.

"అంటే, కింద పడుతూ నేర్పావన్నమాట!" అని పకపకా నవ్వాడు. ఆయనకు ముల్లంగి పచ్చడి వేయలేదు.

లావెక్కావా అని అడిగావు. లేదు, చిక్కాను. ఎందుకో చెబుతాను.

ప్రపంచ పోటీల్లో నిన్ను ఓడించిన జపాన్ అమ్మాయిది ఎడమచేతి వాటమనీ, నాదీ అదే కాబట్టి నీ శిక్షణ శిబిరానికి వచ్చి ఆమెలా నీతో ఆడమనీ రాశావు. "నీకంటే బాగా ఎవరు పడతారక్కా" అన్నావు. నవ్వించడానికే రాశావని తెలుసు. అయినా అన్నం సయించలేదు. ఉన్‌సోల్, నాకు నువ్వంటే అసూయ. పతకాలు చూసి కాదు, వీపు మీద నీ పేరు కుట్టిన ఆ తెల్లకోటు చూసి. నిరుడు నీకోసం ఫ్రాన్స్ అమ్మాయినయ్యాను, అంతకు ముందు క్యూబా అమ్మాయిని. నేను నేనుగా ఎప్పుడు ఆడాను?

అందుకే రాను. నువ్వు విదేశంలో ఉండగా, స్నేహితురాలి పెళ్లని అమ్మకు చెప్పి సున్‌చోన్ వెళ్లాను. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. జాతీయ పోటీల్లో మన బరువు విభాగంలోనే దిగి మూడో స్థానం తెచ్చుకున్నాను. చిక్కింది అందుకే. దాంతో వచ్చే నెల ఒలింపిక్స్ ఎంపిక పోటీలో నీ పేరుతో పాటు నా పేరూ ఉంటుంది. మన దేశం నుంచి ఆ బరువులో వెళ్లేది ఒక్కతేనని నీకు నేను చెప్పాలా?

నిన్న అమ్మకు అంతా చెప్పేశాను. పిండి పిసుకుతూ వింది.

"ఎవరి వైపు కూర్చుంటావమ్మా?" అన్నాను.

"ఎవతి పడితే దాని పక్కన. గెలిచినదానికి ఊరంతా ఉంటుందిగా," అంది.

ఇన్నేళ్లూ అమ్మ నా పక్కనే కూర్చుంది, చెల్లీ. ఈసారి నీ పక్కన కూర్చోవాలని నా కోరిక. మోకాలికి కాపడం మానకు. కుంటుతున్నదాన్ని పడేస్తే నాకు తృప్తి ఉండదు.

ఇట్లు,
తక్ వారి మొదటి కూతురు,
నీ అక్క
మ్యోంగ్‌జూ