అమ్మా, ఇవాళ నల్లాకు చుట్ట కాల్చాను

నువ్వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. అయినా నీతో చెప్పాల్సిన మాట ఒకటుందమ్మా.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మా మేనేజరు విదేశం నుంచి నల్లాకు చుట్టిన ఖరీదైన సిగార్ తెచ్చాడు. "మీ శ్రీకాకుళపోళ్లకు పొగాకు ఎరుక కదా, ఎట్లున్నదో చెప్పు" అని నా చేతిలో పెట్టాడు. చుట్ట కొనేటప్పుడు నువ్వు చేసినట్టే వేళ్లతో మెల్లగా నొక్కి, వాసన చూసి ముట్టించాను. మాగిన బెల్లం వాసన, వెనకాలే మిరియాల ఘాటు. బూడిద రాలకుండా నిలబడింది. "ఆకు బాగా మాగింది, చుట్టిన చెయ్యి మంచిది" అన్నాను. అందరూ మెచ్చుకున్నారు.

అప్పుడు మాతో పనిచేసే భానూరు యాదయ్య అడిగాడు. "అన్నా, మీ దిక్కు ఆడోళ్లు చుట్ట ముట్టిచ్చి, నిప్పు కొస నోట్లె పెట్టుకొని తాగుతరంట, నిజమేనా?"

"అవన్నీ కూలిజనం అలవాట్లు. మా ఇంట్లో ఎవరూ ముట్టరు" అన్నాను.

అలా అడ్డపొగ తాగుతూనే నాకు అన్నం కలిపి పెట్టేదానివి.

సాయంత్రం ఇంటికి రాగానే నీ మనవరాలు నా చొక్కాలో మొహం దాచుకుంది. "నానమ్మ వాసన" అంది. స్నానానికి వెళ్తానన్నా చొక్కా వదల్లేదమ్మా.