చలివేంద్రంలో లెక్కలు

ఏక్‌బాల్‌పూర్,
మే 4

చిరంజీవి గోవిందరాజుకు,

పదో తరగతి లెక్కల్లో తప్పిన మన పదకొండుమంది పిల్లలకు వేసవి క్లాసులు పెట్టించమంటే, తెలుగు సంఘం కార్యదర్శి హోదాలో "ఏటి పిన్నీ, వేసవి నిధి మజ్జిగ చలివేంద్రానికే!" అన్నావు.

సరే, ఆ చలివేంద్రమే మా వీధిలో పెట్టు. పిల్లలు రోజూ రెండు గంటలు కూర్చుని తాగుతారు. మజ్జిగ పొయ్యడానికి లెక్కల మాస్టారిని కుదుర్చు. గ్లాసుల లెక్క రాసుకోవడానికి ఆయనకో నల్లబల్ల కావాలి.

జూలైలో మళ్ళీ పరీక్ష. ఈసారీ తప్పితే ఇళ్ళలో చదువు మాన్పించేస్తారు.

పన్నెండో గ్లాసు మీ అమ్మాయి ధాత్రికి. పాసయ్యానని నీకు చెప్పిందట. దాన్ని తిట్టకు. పదో తరగతి గట్టెక్కడానికి నువ్వు నా దగ్గర రెండు వేసవులు మజ్జిగ తాగినవాడివే.

ఆశీస్సులతో,
పిన్ని