పది నిమిషాల్లో ఎన్ని దగ్గులు

8 ఏప్రిల్ 2025, నంద్యాల

రెండేళ్లకు నా వ్యాక్సిన్ సీసాల్లోకి ఎక్కింది. పాలలా తెల్లగా ఉంది. పందుల ఊపిరితిత్తులను తినేసే బ్యాక్టీరియాను పెంచి, చంపి, అల్యూమినియం జెల్‌లో కలిపాను. ఎలుకల్లో పని చేసింది. అసలు పరీక్ష రేపు, ఆళ్లగడ్డలో హన్నమ్మ దొడ్డిలో. నలభై పంది పిల్లలు. సగానికి మందు, చెవికి పసుపు ట్యాగ్. సగానికి ఉత్త సెలైన్, నీలం ట్యాగ్.

ఎంత గర్వంగా ఉందో ఇక్కడ తప్ప ఎవరికీ చెప్పను.

9 ఏప్రిల్, ఆళ్లగడ్డ

ఎండ నలభై మూడు. మందు ఉడికిపోతుందేమోనని దారి పొడుగునా నాకు దడే. మా డ్రైవర్ సుబ్బయ్యన్న పెట్టె నిండా ఐస్ నింపి, పైన రెండు దోసిళ్ల కల్లుప్పు చల్లాడు. వయసులో డోన్ స్టేషన్ బయట కుల్ఫీ అమ్మేవాడట. ఉప్పు పడితే ఐస్‌కు ఇంకా కోపమొస్తాది మేడం, ఇంకా సల్లబడతాది అన్నాడు. శభాష్ అన్నాను.

పిల్లల తూకాలకే గంట పట్టింది. ఆ తర్వాత హన్నమ్మ ఒక్కో సీసా అందిస్తుంటే నేను సూది పొడిచాను. సీసాల వంక చూసే తీరికెక్కడ?

1 మే

బూస్టర్. అదే పెట్టె, అదే ఉప్పు.

22 మే, ఉదయం 6:00

దొడ్డి బయట కదలకుండా నిలబడి పది నిమిషాల్లో ఎన్ని దగ్గులో లెక్కపెట్టడం మా పద్ధతి. ఈ రోజు ముప్పై ఒకటి. పసుపు ట్యాగులూ దగ్గుతున్నాయి.

25 మే

పదకొండు పోయాయి. ఆరు పసుపు, ఐదు నీలం. కోసి చూశాను. ఊపిరితిత్తులు కాలేయం మాదిరి గట్టిపడి ఉన్నాయి. నా మందుకూ సెలైన్‌కూ తేడా లేదు.

హన్నమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గుంటలో సున్నం చల్లుతూ, మిగిలినవి అమ్మేసి విత్తనాల కంపెనీలో కూలికి పోతానంది. ఇరవై ఏళ్లుగా పందులతోనే బతికిన మనిషి.

రాజశేఖర్ సార్ నంద్యాల నుంచి ఫోన్ చేశారు. ల్యాబ్‌కు పెద్ద ఆయనే. ఇంకొక్క ట్రయల్, అదీ పోతే ఫైల్ మూసేద్దాం అన్నారు.

27 మే

సిగ్గు విడిచి హన్నమ్మను ఇంకోసారి పిల్లల్ని ఇమ్మని అడిగాను. చేస్తున్న పని ఆపకుండానే, ఏందమ్మా, మళ్లా ఆ విరిగిపోయిన మందేనా అంది.

విరగడమేంటి అన్నాను.

అప్పుడు చెప్పింది. రెండుసార్లూ పెట్టెలోంచి తీస్తే సీసాలు పుల్లైసు మాదిరి ఉండెనట. నేను తూకాల్లో మునిగి ఉంటే, పాపం డాక్టరమ్మకు ఎందుకు కష్టమని కొంగులో చుట్టి తనే కరిగించిందట. కరిగినాక విరిగిన పాల మాదిరి అడుగున పలుకులు పలుకులుగా ఉండె, సదువుకున్నదానివి, నీకు తెల్దా అనుకుంటి అంది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. గడ్డకడితే జెల్ పాడవుతుందని జూనియర్లకు పాఠం చెప్పేది నేనే. ఎండను చూసి భయపడ్డాను. ఆ మండుటెండలో, ఆళ్లగడ్డలో, చలి వల్ల మందు చచ్చిపోతుందని నాకు తట్టనే లేదు.

28 మే, నంద్యాల

రెండు సీసాలు. ఒకటి ఉప్పు కలిపిన ఐస్‌లో, ఒకటి ఫ్రిజ్‌లో. గడ్డకట్టినదాన్ని కరిగించి, రెండింటినీ ఊపి బల్ల మీద పెట్టాను. అరగంటకు ఉప్పు ఐస్‌లోది అడుక్కు దిగిపోయి పైన నీళ్లు తేలాయి. రెండోది పాలే! ల్యాబ్‌లో గంతులేశాను. ఎవరు చూశారో తెలియదు, చూస్తే చూడనీ.

సుబ్బయ్యన్న మాత్రం తల పట్టుకున్నాడు. నా చేత్తోనే అన్ని జీవాలు పాయె కదమ్మా అని ఒకటే బాధ. శభాష్ అన్నది నేనే కదన్నా అని చెప్పాను.

12 జూన్, ఆళ్లగడ్డ

హన్నమ్మ ఒప్పుకుంది. కొత్త ఈతల పిల్లలు ఇరవై నాలుగు. ఒక్కటే షరతు, ప్రతి సీసా ముందు తను చూడాలి. తను ఊఁ అంటేనే పొడవాలి.

ఉప్పు లేదు. ఐస్‌కూ సీసాలకూ మధ్య మందపాటి అట్ట, లోపల థర్మామీటర్. శిరివెళ్ల దాటేలోపు సుబ్బయ్యన్న నాలుగుసార్లు బండి ఆపి చూసుకున్నాడు. ఐదు డిగ్రీలు.

హన్నమ్మ ఒక్కో సీసా ఊపి, ఎండకెత్తి, కన్ను చికిలించి చూసింది. ఒకటి వద్దంది. నాకు బాగానే కనిపించింది. నోరు మూసుకుని పారేశాను.

3 జూలై

బూస్టర్. అన్నీ ఊఁ.

14 ఆగస్టు

వారంగా వాన. హన్నమ్మ ఫోన్ చేసి దగ్గు వచ్చెనమ్మా అంది. ఏ రంగువి అని అడగకుండానే ఫోన్ పెట్టేశాను.

15 ఆగస్టు, ఉదయం 6:00

పంతొమ్మిది దగ్గులు.

అన్నీ నీలం. తడుస్తూనే మళ్లీ పది నిమిషాలు నిలబడ్డాను. అన్నీ నీలమే!

29 ఆగస్టు

పన్నెండు పసుపులో ఒక్కటి కూడా జబ్బు పడలేదు. పన్నెండు నీలంలో ఏడు పడ్డాయి. యాంటీబయాటిక్ ఇచ్చినా మూడు పోయాయి. ఆ మూడింటి కోసం బాధగా ఉంది. అయినా రోజంతా నవ్వు ఆగలేదు, ఏం చేయను?

రాజశేఖర్ సార్ స్వయంగా వచ్చారు. పాలిష్ బూట్లతో బురదలో దిగి పసుపు ట్యాగులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. ఫైల్ మూయడం లేదు. డిసెంబర్‌లో బనగానపల్లె, పది దొడ్లు. జాగ్రత్తలన్నీ రాసిపెట్టుకోండి అని ఆయన నాతో అంటుంటే హన్నమ్మ మధ్యలో దూరింది. రాసుకుంటే సాలదు సారూ, సీసా సూసేదానికి నేనొస్తా అంది. సార్ సరే అన్నారు. ఆమె కూలికి పోవడం లేదు.

కోలుకున్నాక మిగిలిన నీలం వాటికీ మందు వేయాలని పట్టుబట్టింది. అవేం పాపం జేసినాయి అంది.

25 సెప్టెంబర్

తొమ్మిది నీలం వాటికీ పడింది. నేను వాటి కాళ్లు కదలకుండా పట్టుకున్నాను. హన్నమ్మ పొడిచింది.

6 నవంబర్, ఉదయం 6:00

పది నిమిషాలు. దగ్గులు: ఒకటి.

అది నాది.