వంగ చెట్టు మీద గూడు

మంగళవారం

పెరట్లో వంగ చెట్టుకి ఆకులు కుట్టే పిట్ట గూడు పెట్టింది. రెండాకుల అంచులు దగ్గరికి లాగి, పత్తి పోగులతో కుట్టి, లోపల మెత్తగా దూది పరుచుకుంది. గుడ్లు పగిలి పిల్లలు కూడా బయటికొచ్చాయి. అప్పట్నుంచీ నేను ఆ చెట్టు కాయలు కోయడం లేదు. "పిట్ట కోసం కూర మానుకుంటారా ఎవరైనా?" అని అత్తయ్య సణుగుడు.

సాయంత్రం ఆయన మిరప చేలో మందు కొట్టి వచ్చారు. ట్యాంకులో కాస్త మిగిలితే ఎప్పటిలాగే పెరటి మొక్కలకి కొట్టబోయారు. మిగిలిన మందు పారబోయడానికి ఆయనకి మనసొప్పదు. నేను వెళ్లి వంగ చెట్టుకి అడ్డం నిలబడ్డాను.

"పురుగు పట్టిందే దానికి. జరుగు."

"గూట్లో పిల్లలున్నాయండీ. ఆ పురుగుల్నే ఏరి పెడుతోంది తల్లి."

"పిట్టల్ని నమ్ముకుని సేద్యం చేస్తే అయినట్టే!" అన్నారు గానీ, ట్యాంకు తీసుకుని మళ్లీ చేలోకే పోయారు.

నెగ్గానని మురిసిపోతూ లోపలికొచ్చాను. వసారాలో వత్తులు చేసుకుంటున్న అత్తయ్య నవ్వారు.

"దానికి దూది ఎక్కడిదనుకున్నావే? రోజూ నా ఒళ్లోంచే ఎత్తుకుపోతోంది, దొంగముండ."

నాకు నవ్వు రాలేదు. అత్తయ్య ఒళ్లో ఉన్నది మా చేలో పత్తే. కాయ పగిలేదాకా దాని మీద ఎన్ని మందులు కొట్టామో నాకు తెలుసు.

రేపు అత్తయ్యకి బజారు నుంచి దూది తెప్పించాలి. అదీ ఎవరి చేలోదో మరి. గూట్లో పరిచింది మాత్రం నేను తీయలేను. పిల్లలు దాని మీదే పడుకున్నాయి.