గాజులు తేవద్దు

రూపనగుడి,
12-8-1961.

మా ఓబులక్కకు అంజినమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం వాడుక కాబట్టి రాశాను. ఇక అసలు సంగతి చదువు.

వచ్చే శుక్రవారం నువ్వు నాకు ఏడోనెల గాజులు, చీరె తెస్తున్నావని మా అత్త రుద్రమ్మ మురిసిపోతోంది. తేవద్దు అక్కా. నా కడుపులో బిడ్డ లేదు.

మూడేళ్ల కిందట బళ్లారిలో గడ్డ తీశారని మీకు చెప్పాం. నిజానికి పేగు కోసి, ఎడమపక్క పొట్టమీద దారి పెట్టారు. మలం అక్కడినుంచే వస్తుంది, గుడ్డ కట్టుకుంటాను. మా ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తారా?

ఈ ఏడు ఆ దారి పక్కన పొట్ట ఉబ్బింది. పేగు జారిందట. మళ్లీ ఆపరేషన్ చేసినా మళ్లీ జారొచ్చు, ఇప్పటికి వద్దన్నాడు డాక్టరు. పొద్దున వెల్లకిలా పడుకుని, ఉబ్బు లోపలికి పోయాక పట్టీ బిగించాలి. దగ్గొస్తే చేత్తో అదిమి పట్టుకోవాలి. బరువు ఎత్తకూడదు. నొప్పి, వాంతులు వచ్చి దారి మూసుకుపోతే మాత్రం ఆ పూటే రమ్మన్నాడు. పట్టీ మందపు గుడ్డతో నేనే కుట్టుకున్నాను.

మనం బిందె ఎడమ చంకనే కదా పెట్టుకునేది. సరిగ్గా ఉబ్బుమీద కూర్చుంటుంది. ఒకరోజు బావి దగ్గర దించేసి నిలబడ్డాను. అత్త నా పొట్ట చూసి కడుపనుకుంది. నువ్వు యాడా వంగద్దు తల్లీ, నీళ్లు నేను తెస్తాండా అని బిందె అందుకుంది. పెళ్లయిన పన్నెండేళ్లలో నన్ను తల్లీ అనడం అదే మొదలు. కాదనడానికి నోరు రాలేదు. లారీమీద పనికిపోయి నెలకోసారి ఇంటికొచ్చే మా ఆయన కూడా వాళ్లమ్మ సంబరం చూసి నోరు మెదపలేదు.

ముట్టయినా బయట కూర్చోకుండా వంట చేస్తున్నాను. అరవై దాటిన మనిషి నా వంతు నీళ్లు మోస్తోంది. తిన్నది ఒంటబట్టడం లేదు అక్కా, భయంగా ఉంది.

శుక్రవారం ఉత్త చేతులతో రా. ఆమెకు చెప్పేటప్పుడు నా పక్కన కూర్చో. వెళ్లగొడితే నన్ను మీ ఊరు కప్పగల్లుకు తీసుకుపో. కెంచప్ప బావకు ముందే చెప్పి ఒప్పించు.

ఇట్లు,
నీ చెల్లెలు
అంజినమ్మ

తా.క.: అత్త కడుపనుకుందని పైన రాశాను. నీకు కూడా అబద్ధమే రాశాను. ఆమె, ఏంది అంజినీ, బిందె ఎత్తలేకుండా ఉండావు అని మాత్రమే అడిగింది. మూడో నెల అని నేనే చెప్పాను.