పోతయ్య నట్టు బిగించేడు

బరంపురం, 1938 నవంబరు 6

సావుకారు ధర్మలింగంగారికి మీ కారు డ్రైవరు దండాలు పెట్టి రాసుకున్నది.

ఇంజిను ఇప్పి సూసేరు. ఆయిలు లేక బేరింగులు కరిగిపోయేయి. మెకానిక్కు పోతయ్య ఆయిలు నట్టు బిగించలేదని నేను సెప్తే, మీరతన్ని పనిలోంచి తీసేసేరు. అది అబద్ధం బాబూ. హుమ్మ దగ్గర సేపలమ్మే గురువమ్మ నొప్పులతో పడుంటే, ఆవిడ కోసం ఉప్పుమళ్లలోకి కారు దింపేను. రాయి తగిలి ఇంజినడుగున ఆ నట్టు ఊడిపోయి ఆయిలంతా కారిపోయింది. ఆయిలు ప్రెషరు సూది సున్నాకి పడిపోడం సూసి ఆపబోతే, "ఆపకు అన్నా, సచ్చిపోతాను" అని ఏడిసింది. ఆసుపత్రి దాకా తోలేను. తల్లీ బిడ్డా బతికేరు. మీరడక్కుండా రోడ్డు దిగేనని సెప్పడానికి బయపడ్డాను.

"నట్టు బిగించేనన్నా, నువ్వు సూసేవు కదా" అన్నాడు పోతయ్య. అతను బిగించడం నేను సూసేను బాబూ. అతన్ని మళ్లీ పిలవండి. మీ ఎదట నిలబడే మొహం లేక, కారు తాళం ఈ కవరులోనే పెట్టేను.